మూడడుగుల జలాంతర్గామి

గడచిన సంక్రాంతికి ముందు ఒకనాటి రాత్రి తెనాలిలో మా యింట పిల్లలందఱితో కూడ కూర్చుండి టెలివిజనులో ఘాజీ చిత్రమును చూచితిమి. 1971వ సంవత్సరము డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్టణము దగ్గఱ సముద్రమున మునిగిపోయిన పాకిస్తాను జలాంతర్గామిని గుఱించిన కథ యది. సంకల్ప్ రెడ్డిగారి దర్శకత్వమున తెలుగు, హిందీ భాషలలో తయారై 2017 ఫిబ్రవరిలో విడుదలయినది. ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ బహుమతిని పొందినది. చిత్రము ముగియగానే పండ్రెండేండ్ల మా మనుమరాలు, "నాయనమ్మా! ఆ ఓడ నిజమైనదేనా?" అని యడిగినది. మాకు తెలియదు. తెలియదని చెప్పుటకు నామోషీపడి, "పొద్దుపోయినది, పడుకో" అని కసరితిమి. కాని ఆ ప్రశ్న మమ్ము పడుకొననీయలేదు.

విచారింపగా తెలిసినదేమనగా, ఆ చిత్రములో జలాంతర్గామి లోపలి గదులను, యంత్రములను, ఇఱుకు దారులను సెట్టుగా నిర్మించిరి. వెలుపలి సముద్రమును, దానిలో పోవు నౌకలను చాలవఱకు కంప్యూటరుపై గీచి కదలించిరి. కంప్యూటరు లేని కాలమున ఇట్టి దృశ్యములకై చిన్న నమూనా నౌకలు చేసి, వానిని నీటిలో నడిపియో, పొగలో వ్రేలాడదీసియో చిత్రించుచుండెడివారట. ఈ మాట వినగానే మాకు బొమ్మల కొలువు జ్ఞప్తికి వచ్చినది.

సోదరీమణులారా, సంక్రాంతికి మనము చేయునది మాత్రము మఱియేమి? ఇసుక పోసి ఊరు కట్టుదుము. అద్దపు ముక్కను పఱచి చెరువందుము. నాలుగు దినములు ముందుగా ఆవాలు చల్లి పచ్చని పైరు మొలపింతుము. చూచువారు మెచ్చుకొందురు. కాని ఆ చెరువు గట్టున ఏ చుట్టమో తెచ్చి యిచ్చిన జానెడు ఎత్తు సెట్టిగారి బొమ్మను నిలిపితిమా, ఊరంతయు ఒక్కసారిగా ఆటవస్తువై పోవును. ఇంటికంటె సెట్టిగారు పెద్దవారగుదురు. చిన్నదగుటలో తప్పు లేదు. అన్నియు ఒకే పాలున చిన్నవి కావలెను. ఈ సంగతి మన పెద్దలకు తెలియును గాని దానికొక పేరు పెట్టలేదు.

మా ప్రాంతమువారికి ఈ విద్య పరాయిది కాదు. 1957 మార్చి 27వ తేదీన విడుదలయిన మాయాబజారును నిర్మించిన విజయావారిలో ఒకరగు చక్రపాణిగారు మా తెనాలివారే. ఆ చిత్రమునకు కళను సమకూర్చిన యిరువురిలో మాధవపెద్ది గోఖలేగారు పొన్నూరు దగ్గఱి బ్రాహ్మణకోడూరివారు, రెండవవారు కళాధర్‌గారు. అందలి ద్వారకానగరము నిజమైన నగరము కాదు, తెరపై వ్రాసినదియు కాదు. 50 అడుగులకు 60 అడుగుల స్థలమున సుమారు 300 చిన్న యిండ్లను తీరుతీరుగా కట్టి, వానిలో దీపములు వెలుగునట్లు అమర్చిరనియు, ఛాయాగ్రాహకులగు మార్కస్ బార్ట్లేగారు దానిని చిత్రించిరనియు ఆ చిత్రపు చరిత్రలో చెప్పుదురు. మేమా చిత్రమును పదిమారులకు తక్కువ కాకుండ చూచితిమి. అది బొమ్మల కొలువని ఒక్కమారును తోచలేదు. స్త్రీ వేషము వేసిన స్థానం నరసింహారావుగారిని చూచి మగవాడన్న మాటనే మఱచిపోయిన మా పెద్దవారిని ఎగతాళి చేసితిమే, బాపట్లలో పుట్టిన ఆయన మాయకును కోడూరిలో పుట్టిన ఈయన మాయకును భేదమేమి?

అయితే నగరము కదలదు. ఓడ కదలును, నీరు అంతకంటెను కదలును. చిక్కంతయు అక్కడనే యున్నది.

పదహారడుగుల యెత్తునుండి ఒక వస్తువును వదలినయెడల నేలను తాకుటకు ఒక సెకను పట్టును. రెండంగుళముల యెత్తునుండి వదలినయెడల సెకనులో పదవవంతు చాలును. ఎత్తు నూఱవవంతుకు తగ్గగా కాలము పదవవంతుకు మాత్రమే తగ్గినది చూడుడు. కావున నిజమైన నౌకలో నూఱవవంతు నమూనాను నీటిలో నడపినచో దాని యలలు, ఊగుట, మునుగుట అన్నియు పదిరెట్లు తొందరగా జరిగిపోవును. చూచువాడు ఎంత అమాయకుడైనను ఇది బొమ్మయని అప్పుడే పసిగట్టును. దీనికి విరుగుడు కాలమును సాగదీయుటయే. సినిమా కెమెరా సాధారణముగా సెకనునకు 24 బొమ్మలు తీయును. పదిరెట్లు, అనగా 240 బొమ్మలు తీసి, వానిని మరల 24 చొప్పున చూపినచో బొమ్మ నౌకకు పెద్ద నౌక బరువు వచ్చును. పదహారవవంతు నమూనాకు 96 బొమ్మలు చాలును, ఇరువదియైదవవంతునకు 120. వర్గమూలము తెలిసిన పిల్లలు ఇది వెంటనే గ్రహింతురు. మా మనుమరాలు మాకంటె ముందు గ్రహించినది. "నాయనమ్మా, నీ ఫోనులోనే 240 ఉన్నది" అని చూపినది. మూడేండ్లనుండి చేతబట్టుకొని తిరుగుచున్న ఫోనులో అది యున్నదని మాకు తెలియనే తెలియదు!

ఇంక నమూనా. రెండేండ్ల క్రిందట విశాఖపట్టణము వెళ్లినపుడు రామకృష్ణా బీచి యొడ్డున ప్రదర్శనశాలగా నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూచితిమి. అది సోవియట్ దేశమున తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళమున చేరి, 31 ఏండ్లు పనిచేసి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి పొందినది. 2002 నుండి ప్రజలు చూడవచ్చుచున్నారు. చీర కుచ్చిళ్లు చేతబట్టి, తలవంచి, గుండ్రని ద్వారములలో కాలు పెట్టి దాటుట మాకెంత కష్టమైనదో యిప్పటికిని మఱవలేదు. మన వంటయింటి అలమారలో అరలవలె నున్న పడకలు. డెబ్బదిమందికి పైగా మనుష్యులు నెలలకొలది ఆ గొట్టములో బ్రదికిరి. దాని పొడవు 91 మీటర్లకు కొంచెము పైన, వెడల్పు 7½ మీటర్లు. నూఱవవంతు లెక్కవేయగా పొడవు మూడడుగులు, వెడల్పు 75 మిల్లీమీటర్లు. తెనాలిలో కుళాయి సామానుల దుకాణమున 75 మిల్లీమీటర్ల గొట్టమని యడిగినచో ముక్క కోసి యిచ్చుదురు. దైవము మా కొఱకే చేసి పెట్టినట్లున్నది!

ముందు భాగమునకు రబ్బరు బంతిని సగము కోసి తొడిగితిమి. వెనుకకు కిరసనాయిలు గరాటు. నడిమి గోపురమునకు మందుసీసా. పైన చుట్టుకొని యుండు కమ్మీలకు గుండుసూదులను వరుసగా గ్రుచ్చి సన్నని తీగ చుట్టితిమి. నల్లరంగు వేయగా నౌక పాదరక్షవలె మెఱసినది, ఆ మెఱపే దాని చిన్నతనమును చాటినది. గరుకు కాగితముతో రుద్ది, వంటపొయ్యి బూడిదను అద్ది, తుప్పు జాడలకై ముగ్గుల యెఱ్ఱమన్నును నీళ్లలో కలిపి కారునట్లు పూసినపుడు గాని దానికి వయసు రాలేదు. క్రొత్త వస్తువు ఎవ్వరిని నమ్మింపజాలదు. వాడిన వస్తువును చూచి నమ్ముదుము. ఈ పాలున మనిషి యెత్తు ఎంత యుండునని మనుమరాలు లెక్కవేసి, "బొటనవ్రేలి గోరంత" అని చెప్పినది. అప్పుడా మాటను మేము పట్టించుకొనలేదు.

సంక్రాంతి కొలువులో నౌకను అద్దపు చెరువుపై నుంచితిమి. పేరంటాండ్రు వింతగా చూచిరి. చిత్రించుట మాత్రము వేసవి సెలవులకు గాని పడలేదు.

మొదట పొగలో తీయవలెనని తలచితిమి. 1990లో అమెరికావారు తీసిన ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్ చిత్రమున సముద్రము లోపల పోవు జలాంతర్గాముల దృశ్యములను చాలవఱకు నీటిలో తీయలేదు. పొగ నింపిన గదిలో తీగలపై వ్రేలాడదీసి తీసిరి. పొగలో దూరపు వస్తువు మసకబాఱును గదా, లోతు నీటిలోను అంతే. మాకు స్టూడియో పొగ యెక్కడిది? పసిపిల్లల తలకు వేయు సాంబ్రాణి యున్నది. నట్టింటి తలుపులు మూసి, ధూపము వేసి, దూలమునుండి నౌకను దారముతో వ్రేలాడదీసితిమి. కిటికీలోనుండి వచ్చు యెండకు ఎదురుగా పళ్లెములో నీళ్లు పోసి, అడుగున అద్దము నుంచి, నీటిని వ్రేలితో కదలింపగా గోడపై వెలుగు అలలు ఆడినవి. ఆ క్షణమున మా నట్టిల్లు నిజముగా సముద్రమైనది. (సాంబ్రాణి పొగలో పిల్లలను ఎక్కువసేపు నిలుపరాదు. మేము అయిదు నిమిషముల కొకమారు తలుపులు తీసితిమి. అయినను మాకే దగ్గు పట్టుకొన్నది.)

ఫోనులో చూచుకొనగా రెండు దోషములు. ఒకటి, ఎండ చాలని చోట వెలిగించిన విద్యుద్దీపము రెప్పలు కొట్టుచున్నట్లు కనబడినది. మన యిండ్ల విద్యుత్తుతో వెలుగు దీపము సెకనునకు నూఱుమారులు హెచ్చి తగ్గును. కన్ను దానిని పట్టలేదు గాని 240 బొమ్మలు తీయు కెమెరా పట్టును. పైగా ఒక్కొక్క బొమ్మకు దొరకు కాలము పదవవంతు గనుక వెలుగు పదిరెట్లు కావలెను. కావున మిట్టమధ్యాహ్నపు సూర్యుడే శరణ్యము. రెండవ దోషము దారము. నూలుదారము మోకువలె కనబడినది.

దారమునకై రేపల్లె వెళ్లితిమి. అది మా పుట్టిల్లు గనుక వెళ్లుటకు ఏదో యొక నెపము చాలును. తెనాలినుండి రైలులో పోవుచుండ ఇరుప్రక్కల మాగాణులు, కాలువలు, తాటిచెట్లు. రేపల్లెకు దక్షిణమున నిజాంపట్టణపు రేవున్నది. చేపలుపట్టువారు వాడు గాలపు నైలాను తీగ ఈ ప్రాంతమున చిల్లర దుకాణములలోను దొరకును. నీటిలో పెట్టినచో కంటికి ఆనదు. దుకాణదారు, "ఏ చేపకమ్మా?" అని యడిగెను. "మూడడుగుల దానికి" అంటిమి. ఆయన మమ్ము ఎగాదిగా చూచి మఱింత లావు తీగ నిచ్చెను!

ఇంక నీరు. తెనాలి కాలువలో దింపితిమి. కృష్ణ నీరు పంటకు మంచిదే గాని, జానెడు లోతున నౌక మాయమైపోయినది. అందుచే బాపట్ల ప్రయాణమైతిమి. అక్కడ మా వదినగారున్నారు, సూర్యలంక సముద్రమున్నది. నౌక లోపల రెండున్నర కిలోల ఇసుక పోసి, మూతలు బిగించి, ఉదయమే ఒడ్డున దింపితిమి. అడుగెత్తు అల వచ్చినది. మన కది అలయే కాదు, పాదములు తడిపి పోవునది. నూఱవవంతు నౌకకు అది నూఱడుగుల కొండ! ఇసుకయంతయు ముక్కువైపు జాఱగా నౌక తలక్రిందులై, పొర్లి, గరాటు ఊడి, మా మనుమని చేతికి చిక్కినది.

ఇందుచేతనే కాబోలు జర్మనులు 1981లో డాస్ బోట్ చిత్రము తీసినపుడు సముద్రముపై నడుపుటకు సుమారు 35 అడుగుల పొడవుగల నమూనాను చేసికొనిరి. అలను చిన్నది చేయలేము, నీటిబొట్టును చిన్నది చేయలేము. నౌకనే పెద్దది చేయవలెను. లోపలి దృశ్యములకు వారు నిండు కొలత గల గొట్టమును యంత్రములపై నెక్కించి ఊపిరట. 1954లో డిస్నీవారు తీసిన సముద్రగర్భపు కథలో మఱియొక విచిత్రము జరిగినది. వెడల్పు తెరకు కావలసిన క్రొత్త కటకములు వారికి కొఱతపడగా, ఆ కటకము బొమ్మను ఎంత నొక్కునో అంత నొక్కిన నౌకనే ఒకటి చేసి మామూలు కటకముతో తీసిరి. తెరపై సాగదీసినపుడు అది సరియైన ఆకారమునకు వచ్చినది. గుడ్డ చాలనపుడు రవికె కత్తిరింపు మార్చు నేర్పరి దర్జీ జ్ఞప్తికి వచ్చుటలేదా?

వదినగారి పెరటిలో పాతకాలపు కుడితి తొట్టి యొకటి ఎనిమిదడుగులది యున్నది. పశువులు లేక యేండ్లయినది. దానిని తోమి, బావినీరు నింపితిమి. ఒక చెంచాడు పాలు కలుపగా నీటికి లోతు వచ్చినది; బట్టల నీలిమందు రెండు చుక్కలు వేయగా సముద్రమైనది. ఫోనును ఖాళీ గాజుపెట్టెలో నుంచి, పెట్టెను సగము నీటిలోనికి అదిమి పట్టుకొనగా నీటి లోపలి దృశ్యము కనబడినది. ఇసుకను ఈ పర్యాయము రవికె గుడ్డ పేలికలతో ఏడు చిన్న సంచులుగా కుట్టి, వరుసగా అడుగున కట్టితిమి. అవి జాఱలేదు. నిజమైన జలాంతర్గామి తన ప్రక్కలనున్న తొట్లలో గాలిని వదలి నీరు నింపుకొని మునుగును, గాలితో నీటిని వెడలగొట్టి తేలును. మా నౌకకు అడుగున రంధ్రములు, పైన సన్నని రబ్బరు గొట్టము. గొట్టము మూసియున్నంతవఱకు లోపలి గాలిపై తేలుచుండును. తెఱచితిమా, గాలి పోయి నీరు చేరి, నెమ్మదిగా దిగిపోవును. బుడగలకై తినుసోడాను నిమ్మయుప్పును పొట్లము కట్టి గోపురములో నుంచితిమి. పెద్ద బుడగ బొమ్మను పట్టించును. ఇవి ఆవగింజలవలె సన్నముగా వచ్చినవి.

నౌక మునిగినది. తొట్టి అడుగున ఇసుక తగిలి సన్నని దుమారము లేచినది. పదిరెట్లు సాగదీసి చూచుకొనగా, మా కండ్లను మేమే నమ్మలేకపోయితిమి. మనుమడు చప్పట్లు కొట్టి, "చచ్చారు! అందరూ చచ్చారు! మళ్లీ ముంచుదాం" అని గెంతులు వేసెను. మేమును నవ్వితిమి.

వదినగారు నవ్వలేదు. 1971లో ఆమె విశాఖపట్టణమున క్రొత్తగా కాపురము పెట్టియుండిరి. మా అన్నగారికి అప్పుడు రేవులో ఉద్యోగము. దీపములు ఆర్పి, కిటికీలకు నల్లకాగితము లంటించుకొని పడుకొన్న ఆ రాత్రి, అర్ధరాత్రి దాటిన పిమ్మట పెద్ద చప్పుడై కిటికీ అద్దములు గలగలలాడినవట. ఏమైనదో తెలియదు. కొన్ని దినములకు శత్రువుల జలాంతర్గామి మునిగినదని తెలిసి ఊరంతయు సంతోషించినది. "నేనూ సంతోషించాను వదినా, ఆ నౌక మునగకపోతే మేము మిగిలేవాళ్లమా?" అని వదినగా రనిరి.

దాని చరిత్రలో వివాదము లేకపోలేదు. అమెరికాలో డయాబ్లో అను పేర పుట్టి 1964లో పాకిస్తాను చేరిన ఆ నౌక మన విక్రాంత్ విమానవాహక నౌకను వెదకుచు వచ్చినది. మన రాజపుత్ నౌక వదలిన ప్రేలుడు గుండ్లచే మునిగినదని మన నౌకాదళమువారందురు. లోపల జరిగిన ప్రేలుడుచేతనో తామే పఱచిన మందుపాతరచేతనో మునిగినదని పాకిస్తానువారందురు. చిత్రములో దానిని ఎదుర్కొన్న మన జలాంతర్గామి కథ కల్పనతో కూడినది. ఇందులో ఏది యెట్లున్నను తొంబదిమందికి పైగా నావికులు దానితో మునిగిరి, ఒక్కడును బ్రదుకలేదు. ఆ నౌక నేటికిని విశాఖ సముద్రమున అడుగుననే యున్నది.

వదినగారు తొట్టి గట్టుపై కూర్చుండి, "ఇందులో మనిషి ఎంత ఉంటాడే?" అని మనుమరాలి నడిగిరి. అది తన బొటనవ్రేలి గోరును చూపినది. ఆమె తన వ్రేలిని కొంతసేపు చూచుకొని, "మా అత్తగారు అప్పుడొక మాటన్నారు. ఆ పిల్లల తల్లులకు కబురు ఎప్పుడు అందుతుందో, ఎవరు చెబుతారో అని. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఇరవై యేళ్ల దాన్ని" అనిరి.

మనుమడు మరల ముంచుదమని యడుగలేదు. మనుమరాలు మాత్రము ఊరకుండలేదు. సాయంకాలమునకు వెలుగు తగ్గునని తొందరపడి, గాజుపెట్టెను తీసివేసి, ఫోనును నీటిపై నిలిపి, మఱియొకమారు గొట్టము తెఱువుమన్నది. నౌక మునుగుట ఆ పర్యాయము చిత్రములోనికి రాలేదు. పాలనీటిపై గోపురము దిగిపోయిన తావున సన్నని బుడగలు వచ్చుట, క్రమముగా తగ్గుట, ఆగుట, నీరు చదునగుట మాత్రము వచ్చినది. ముందు తీసిన మునుక దృశ్యమును తీసివేసి దీనిని చేర్చినది. నేలను తాకి దుమారము లేచు ఆ చక్కని దృశ్యమును పోగొట్టుకొనుటకు మాకు మనసొప్పలేదు. ఎంతో శ్రమపడి సాధించినది. "అది బాగుంది నాయనమ్మా, కాని ఇది చాలు" అని యన్నది.

మొత్తము నలువది సెకనుల చిత్రము. సాంబ్రాణి పొగలో నౌక పోవుట పదునెనిమిది సెకనులు, తక్కినది తొట్టి. వదినగారు దానిని రెండుమారులు చూచి, మూడవమారు ఫోనును తామే చేతబట్టుకొని చూచిరి. నౌకను తిరిగి తెనాలి తెచ్చి, ఇసుక సంచులు విప్పి ఆరబెట్టి, కొలువు బొమ్మల పెట్టెలో పెట్టబోగా పట్టలేదు. అటకపై పెట్టెకు ప్రక్కన గుడ్డ చుట్టి యుంచితిమి.